చలమయ్య డ్యూటీ

పద్ధతి లేని చోట నాకు ఊపిరాడదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, జబ్బు కిందే లెక్క. ముప్ఫై నాలుగేళ్లు స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఎర్రగా కాలిన ఇనుము పరుగులు పెట్టే చోట ఎవడు ఎక్కడ నిలబడాలో ముందే రాసి ఉండకపోతే ప్రాణాలు పోతాయి. ఆ రాత నా ఒంటికి పట్టేసింది. ఇంట్లో కందిపప్పు డబ్బా మీద కూడా పేరు రాసి అంటిస్తానని నా భార్య కాంతం ఊరందరికీ చెప్పి నవ్వుతుంది. అంటిస్తాను. అందులో నవ్వడానికేముంది?

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఉద్యోగానికని విశాఖపట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయాం. రిటైరయ్యాక కూర్మన్నపాలెం దాటి కొంచెం లోపలికి, గెడ్డ ఒడ్డున ఉన్న కాలనీలో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. మొత్తం అరవై రెండు ఇళ్లు. సగం మంది ప్లాంటుకు భూములిచ్చిన ఊళ్లవాళ్లు, మిగతావాళ్లు మాలా వచ్చిపడ్డవాళ్లు. గెడ్డ అంటే వాగే. కొండల మీది వాన నీళ్లు మా కాలనీ అంచు వెంబడి పారి, చివర రోడ్డు కింద తూములోంచి బయటికి పోతాయి. ఆ తూము పక్కన, అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు రామలక్ష్మమ్మది.

రామలక్ష్మమ్మకు డెబ్బై దగ్గర పడ్డాయి. కొడుకు చలమయ్యకు నలభై. మేం రావడానికి అయిదేళ్ల ముందు ఏదో కాంట్రాక్టు పనిలో పరంజా మీంచి పడి అతని వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద చచ్చుబడిపోయింది. మనిషి భారీ. మంచం మీద కూర్చునే మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసి ఇల్లు నడుపుతున్నాడు. లోపలి గది చీకటి. వీధరుగు మీదైతే వెలుతురూ ఉంటుంది, వచ్చేపోయేవాళ్ల కంట్లోనూ పడతాడు. అందుకని రోజూ పొద్దున్నే అతన్ని మంచంతో సహా మెట్లు దాటించి అరుగు మీదికి మోసుకురావాలి, సాయంత్రం మళ్లీ లోపలికి చేర్చాలి. దానికి నలుగురు కావాలి. ముగ్గురైతే మంచం ఒరిగి అతని వెన్ను పట్టేస్తుంది.

ఆ నలుగురూ ఎవరని కొత్తలో రామలక్ష్మమ్మనే అడిగాను.

"ఎవులో ఒకలు బాబూ," అంది.

నిజంగానే ఎవరో ఒకరు. పొద్దున్న షిఫ్టు బస్సుకు వెళ్లేవాళ్లందరికీ దారి ఆ ఇంటి ముందు నుంచే. ఒకడు ఆగి, "ఏటి బావా, లెగిసినావా?" అని పలకరించేవాడు. వెనక వస్తున్నవాడు టిఫిను డబ్బా అరుగు మీద పెట్టేవాడు. ఒక్కోసారి ముగ్గురు మంచం కోళ్లు పట్టుకుని, నాలుగోవాడి కోసం వీధి వైపు చూస్తూ తీరిగ్గా కబుర్లు చెప్పుకునేవారు. ఎవడూ ఎవణ్ణీ పిలిచేవాడు కాదు. అవతల బస్సు హారన్ కొడుతుంటే వీళ్లు ఇలా నిలబడడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

గెడ్డ బాగుచేసే తీరు ఇంకా విడ్డూరం. మృగశిర కార్తె వస్తుందనగా ఒక శనివారం సాయంత్రం రామలక్ష్మమ్మ ఇంటింటికీ బయల్దేరేది. పనికి రమ్మని ఎవర్నీ అడిగేది కాదు. సరాసరి పెరట్లోకి వెళ్లి ఆ ఇంటి పారో, గునపమో, గంపో పట్టుకుపోయేది. ఏదీ లేని ఇంట్లో బకెట్టు. వాటన్నిటినీ తూము దగ్గర మొదలుపెట్టి గెడ్డ పొడుగునా వరసగా పెట్టుకుంటూ పోయేది. తెల్లారాక ఎవరి వస్తువు కోసం వాళ్లు రావాలి కదా. వచ్చాక, అందరూ చూస్తుండగా పార భుజాన వేసుకుని ఇంటికి పోవాలంటే మొహం చెల్లదు. దాంతో గెడ్డలోకి దిగేవారు. పార ఎక్కడుంటే అక్కడే వాళ్ల పని. మేం వచ్చిన ఏడాది మా కొత్త పార కూడా అలాగే పోయింది. దొంగతనమనుకుని నేను వీధిలో కేకలు వేశాను. కాంతం వారం రోజులు దాన్నే చెప్పుకుని నవ్వింది.

ఆ ఆదివారం గెడ్డ ఒడ్డున నిలబడి చూస్తే నాకు గందరగోళం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఒకింటి నుంచి గట్టి మనిషి, ఒకింటి నుంచి ముసలాయన. ఒకింటి నుంచి మనిషే రాలేదు, మజ్జిగ బిందె వచ్చింది. ఆ పార ఇక్కడెందుకు, ఈ గంప అక్కడెందుకు అంటే ఎవరూ చెప్పలేరు. గోడ తగాదాతో మాటలు మానేసిన అప్పలరాజు పారనూ దొరబాబు పారనూ గెడ్డకు ఆ చివరొకటి ఈ చివరొకటి పెట్టిందని, కొత్తగా భార్య పోయినతని పార పక్కన వాగుడుకాయ పార పెట్టిందని చాలాకాలం తర్వాత కాంతం చెబితే తెలిసింది. ఆ రోజు మాత్రం, మూడు గంటల పనికి ఆరు గంటలు పట్టిందే అని నాది ఒకటే గొణుగుడు.

మరుసటి ఏడాది నన్ను కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిని చేశారు. ఖాళీగా ఉన్నాను, రాయడం వచ్చు, ఇంకేం కావాలి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అంది కాంతం.

నెల తిరక్కుండా చార్టు తయారు చేశాను. గెడ్డను పద్దెనిమిది ముక్కలు చేసి ఒక్కో ముక్కకు మూడు నాలుగు ఇళ్లు కేటాయించాను. ఇళ్లలోని పారలు, గునపాలు తెప్పించి, తక్కువైనవి కొని, సంఘం అన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నెలకొకరి దగ్గర. చెత్తకు వారాల ప్రకారం మనుషుల్ని వేశాను. ఆ ఊపులోనే చలమయ్యను మోసే పనికి కూడా రోజుకు నలుగురు చొప్పున పేర్లు రాసేశాను. ఇంతకాలం ఎవరో దయతలిస్తే బయటికొచ్చే మనిషికి, ఇకనుంచి హక్కుగా నలుగురు వస్తారు కదా. ఆ చార్టులో నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది అదే. సంఘం గది గోడకు చార్టు అంటించి, ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

కాంతం కళ్లజోడు పెట్టుకుని చార్టంతా చదివింది.

"రేపటి నుంచి ఇందులో పేరు లేనివాడు చలమయ్య దగ్గర ఆగుతాడా అండీ?" అంది.

"ఆగక్కర్లేదు. దాన్నే పద్ధతి అంటారు," అన్నాను.

సాయంత్రం చలమయ్య అరుగు మీంచి నన్ను కేకేశాడు. ఒళ్లో విప్పిన మిక్సీ, చేతిలో ఫోను. ఫోనులో నా చార్టు.

"సార్, ఒకటి గెడ్డ, రెండు సెత్త, మూడు నాను. గెడ్డ ముందుండాల, ఒప్పుకుంతాను. సెత్త కన్నా నన్ను ముందేసుంటే బాగున్ను సార్."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. వరసలో ఏముందయ్యా, పని జరగడం ముఖ్యం అని ఇంటికి వచ్చేశాను. నంబరు మార్చలేదు.

ఆ ఏడాది పని జరిగింది, కాదనను. గెడ్డ రెండున్నర గంటల్లో శుభ్రపడింది. పొద్దున్న ఆరూ ఇరవైకల్లా చలమయ్య అరుగు మీద ఉండేవాడు. నలుగురూ వచ్చేవారు, ఎత్తేవారు, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. కబుర్లు బంద్. రామలక్ష్మమ్మకు ఇల్లిల్లూ తిరిగే శ్రమ తప్పించానని నేను అందరికీ చెప్పుకున్నాను. ఆవిడ మాత్రం గెడ్డ పనికి ముందు శనివారం సాయంత్రం గుమ్మంలో ఊరికే కూర్చుని కనబడింది.

ఆ రోజుల్లోనే సిటీ నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున సత్యశ్రీ అనే అమ్మాయి వచ్చింది. కాలనీల్లో మనుషులు ఒకరికొకరు ఎంత సాయంగా ఉంటే ఆ కాలనీ అంత బాగుపడుతుందట, దాని మీద సర్వే. ఆదర్శ కాలనీలు ఏరి ప్రశంసాపత్రం ఇస్తారట. నేను రిజిస్టర్లన్నీ బల్ల మీద పేర్చాను. ఆ తర్వాత ఆ అమ్మాయిని రామలక్ష్మమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"మీ ఇరుగుపొరుగువాళ్లను ఎంత నమ్ముతారమ్మా? అసలు నమ్మకపోతే ఒకటి, పూర్తిగా నమ్మితే అయిదు," అని అడిగింది సత్యశ్రీ.

"నమ్మడమేటమ్మా? ఆళ్లు పక్కింటోళ్లు కదేటి," అంది రామలక్ష్మమ్మ.

"అంటే అయిదు వేసుకోమంటారా?"

"నీకెంత గావాలంతే అంత ఏసుకో తల్లీ."

"మీకు కష్టమొస్తే చుట్టుపక్కలవాళ్లు ఎంతమంది వస్తారు?"

రామలక్ష్మమ్మ నా వైపు చూసింది. "ముందు మాటా, ఇప్పటి మాటా?" అంది.

"హాజరు తొంభై ఆరు శాతం, అమ్మాయ్. రిజిస్టరులో ఉంది," అని నేనే చెప్పాను. సత్యశ్రీ రాసుకుంది. మూడు నెలలకు ప్రశంసాపత్రం వచ్చింది. దానికి అద్దం కట్టించి చార్టు పక్కనే వేలాడదీశాను.

రెండో ఏడాది నుంచి నా దగ్గరికి అర్జీలు మొదలయ్యాయి. ప్లాంటులో బతికినవాళ్లం కదా, డ్యూటీ అన్నాక సెలవు కూడా ఉండాలి. నడుం నొప్పని ఒకాయన డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చాడు. దేవీప్రసాద్ అని ప్లాంటు ల్యాబులో పనిచేసే కుర్రాడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. అతనొచ్చి, "సార్, పోయిన ఆదివారం నా వంతు కాకపోయినా గెడ్డలో దిగాను, దానికి బదులు ఒక రోజు సెలవివ్వండి," అన్నాడు. ఇచ్చాను. న్యాయమే కదా. ఆ తర్వాత మా ముక్క పొడుగు పక్క ముక్క కంటే నాలుగడుగులు ఎక్కువని టేపు పట్టుకుని వచ్చినవాళ్లున్నారు. తన బదులు కూలీని పంపినవాళ్లున్నారు. పంపితే తప్పేమిటన్నారు. చార్టులో మనిషి అని ఉంది గాని ఫలానా మనిషే అని లేదు. నేనే రాశాను, నేనేం మాట్లాడను?

గెడ్డలో ఎవరి ముక్క వాళ్లు అద్దంలా ఉంచేవారు. ఆ గుర్రపుడెక్క, ప్లాస్టిక్కు, పూడిక ఎక్కడికి పోతున్నాయని నేనూ అడగలేదు. హద్దు దాటిస్తే చాలు, అవతలి ముక్కవాడి బాధ. వాడు ఇంకో ముక్కలోకి. అలా తోసుకుంటూ తోసుకుంటూ అన్నీ తూము దగ్గరికి చేరాయి. నా పద్దెనిమిది ముక్కల్లో తూము లేదు. రోడ్డు కింది తూము కాలనీలోకి రాదని వదిలేశాను. రామలక్ష్మమ్మ పారల వరస ఏటా మొదలయ్యేది అక్కణ్ణుంచే.

చలమయ్య సంగతి కూడా అలాగే నెమ్మదిగా చెడింది. నలుగురిలో ముగ్గురే వచ్చేవారు. నాలుగోవాడి పేరు చార్టులో ఉంది కాబట్టి దారిన పోయేవాడు ఆగేవాడు కాదు. "ఈ రోజు ఎవరి డ్యూటీరా?" అని దూరం నుంచే అడిగి, తనది కాదని తెలిశాక బస్సు వైపు నడిచేవాడు. ఆ ముగ్గురూ అయిదు నిమిషాలు చూసి, తాము వచ్చినట్టు సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. అలాంటి రోజుల్లో చలమయ్య చీకటి గదిలోనే ఉండిపోయేవాడు. మిక్సీ పట్టుకొచ్చినవాళ్లు అరుగు ఖాళీగా చూసి గాజువాక పోయేవారు. రానివాడి పేరుకు ఎదురుగా నేను ఎర్ర సిరాతో గైర్హాజరు అని రాసేవాణ్ణి. రాశాక నా పని అయిపోయినట్టే ఉండేది. ఒక్క రోజైనా వెళ్లి ఆ నాలుగో కోడు నేను పట్టలేదు. మోకాళ్ల నొప్పులని అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే, రాసేవాడు మొయ్యడం ప్లాంటులో ఏ షాపులోనూ నేను చూడలేదు.

మొన్న అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఏకధారగా వాన. మూడో రోజు పొద్దున్న పది గంటలప్పుడు కాంతం డాబా మీంచి చూసి, గెడ్డ నీళ్లు పల్లంలోకి మళ్లాయంది. నేను వెంటనే గ్రూపులో పెట్టాను: గెడ్డ పొంగుతోంది, ఈ రోజు చలమయ్య డ్యూటీ ఉన్న నలుగురూ తక్షణం వెళ్లాలి. అయిదు నిమిషాల్లో ముప్ఫై ఒక్క బొటనవేళ్లు వచ్చాయి. ఆ నలుగురిలో ఒకతను ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. ఒకతను అనకాపల్లిలో పెళ్లికి వెళ్లాడు. మూడో అతను, తాను అప్పలరాజుతో మార్చుకున్నానని రాశాడు. మార్చుకున్నది రేపటికి అని అప్పలరాజు రాశాడు. నాలుగో అతను మెసేజి చూడనే లేదు.

గొడుగు తీసుకుని పరిగెత్తాను. తూము దగ్గర చెత్తంతా గోడ కట్టినట్టు అడ్డం పడి, నీళ్లు ఎగదన్నుతున్నాయి. పార ఉంటే కొంతైనా లాగొచ్చని సంఘం గదికి వెళ్లాను. తాళం. ఆ నెల తాళంచెవి దేవీప్రసాద్ దగ్గర, దేవీప్రసాద్ ప్లాంటులో. పది నిమిషాలు అక్కడే పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ తాళం ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

రామలక్ష్మమ్మ ఇంట్లో అప్పటికే మోకాళ్ల పైకి నీళ్లు. చలమయ్య మంచం లోపలి గదిలో ఉంది. మంచం పట్టీ మునిగింది. ఆవిడ వెనక నుంచి కొడుకు చంకల కింద చేతులు పెట్టి, తన గుండెకు ఆనించి పట్టుకుంది. నేను కాళ్ల వైపు వెళ్లాను. ఇద్దరం కలిసి రెండుసార్లు ప్రయత్నించాం. బెత్తెడు కూడా లేవలేదు. నా మోకాలు కలుక్కుమని నేనే నీళ్లలో కూలబడ్డాను.

"మీరు లెగండి సార్, మీరు లెగండి," అన్నాడు చలమయ్య. తర్వాత తల్లిని అడిగాడు. "అమ్మా, నీల్లు ఎంతకాడికొచ్చినాయి? నడుం తడిసిందేటి? నాకు తెల్డం నేదు."

"నేదు నాయనా, ఇంకా రానేదు," అంది రామలక్ష్మమ్మ. అప్పటికి నీళ్లు అతని బొడ్డు దాకా ఉన్నాయి.

నాకు భయమేసింది. రోలింగ్ మిల్లులో కూడా అంత భయపడలేదు. గుమ్మంలోకి వచ్చి చూస్తే, పైన రోడ్డు మీద గొడుగులేసుకుని పాతిక ముప్ఫై మంది ఉన్నారు. అందరూ మా వాళ్లే. గెడ్డ పొంగును ఫోనుల్లో వీడియో తీస్తున్నారు. రెండు చేతులూ ఊపుతూ అరిచాను. వాన హోరులో నా మాట వాళ్లకు అందలేదు. ఒకతను తిరిగి చెయ్యి ఊపాడు.

నా వెనక రామలక్ష్మమ్మ, "బాబూ, నువ్వొచ్చి ఈడ్ని పట్టుకో," అంది. వెళ్లి ఆవిడ చోట నిలబడి చలమయ్యను నా గుండెకు ఆనించుకున్నాను. ఎంత బరువు మనిషి. మూడేళ్లుగా అతని పేరు రాస్తున్నాను గాని ఆ బరువు నాకు తెలియదు. ఆవిడ గోడ పట్టుకుని నడుం లోతు నీళ్లలో వీధిలోకి వెళ్లి నిలబడింది.

"పైడయ్య కొడకా అప్పలరాజూ," అని పిలిచింది. కాసేపాగి, "సింహాచలం కొడకా దొరబాబూ," అని పిలిచింది. సాయం చెయ్యండని అనలేదు, తిట్టలేదు. పేర్లు మాత్రమే, ఒకదాని తర్వాత ఒకటి, తండ్రి పేరుతోనో తల్లి పేరుతోనో కలిపి. ఆ గొంతు వానలోంచి ఎలా వెళ్లిందో నాకు తెలియదు. తలుపులోంచి నాకు రోడ్డు మీది గొడుగులు కనిపిస్తూనే ఉన్నాయి. ఏ పేరు పిలిస్తే ఆ గొడుగు కింద పడింది.

ఏడుగురు వచ్చారు. మంచంతో పనిలేకుండా చలమయ్యను చేతుల మీదే ఎత్తి, తలల మీదుగా రోడ్డెక్కించారు.

"మీరు లోపలికెల్తే సూసినాం సార్," అన్నాడు అప్పలరాజు నాతో. "డ్యూటీవోళ్లు లోపలున్నారనుకున్నాం. అలగ కాపోతే రోడ్డు మీదే ఉండిపోతామా సార్? ఒట్టు."

నిజమే చెప్పాడు. అతని మీద నాకు కోపం రాలేదు. వచ్చుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

గంటసేపు ఆ మురికినీళ్లలో ఉండడం వల్ల మంచంలోనే ఉండి చలమయ్య వీపు మీద లేచిన పుళ్లు చీము పట్టాయి. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలనీ అంతా వెళ్లి చూసింది. పళ్లు తీసుకెళ్లారు, ఏడ్చారు. నేను చార్టు చించేశాను. ప్రశంసాపత్రం దింపి అటక మీద పడేశాను. ఆ ఆదివారం సంఘం సమావేశం పెట్టి, ఇకనుంచి డ్యూటీలు లేవు, ఎప్పటిలాగే ఉందాం అని చెప్పాను.

అందరూ తల దించుకుని విన్నారు. దేవీప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"మంచిదే సార్. కానీ చార్టు లేకపోతే రేపు పొద్దున్న చలమయ్యగారి దగ్గరికి ఎవరు వెళ్లాలో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగా తెలియకే అడిగాడు. అంతలో ఇంకొకాయన, అత్యవసర డ్యూటీ అని వేరే చార్టు పెడదాం, తూమును పంతొమ్మిదో ముక్క చేద్దాం అన్నాడు. నలుగురైదుగురు బాగుందన్నారు. ఒకప్పుడు వీళ్లందరూ ఎవరూ చెప్పకుండానే ఆగినవాళ్లు. మూడేళ్లలో నేను వాళ్ల చేత ఆగడం మాన్పించాను. ఇంటికొచ్చి కాంతం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ ఒక్క మాట కూడా దెప్పలేదు.

చలమయ్య ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు రామలక్ష్మమ్మ సామాను సర్దుతోందని తెలిసి వెళ్లాను. చలమయ్య నిద్రపోతున్నాడు. ఆవిడ గిన్నెలు గోనెసంచిలో వేస్తోంది.

"ఆనందపురంలో నా సెల్లి కూతురుంది బాబూ," అంది. "రోడ్డు మీదికి ముందు గదిచ్చింది. మెట్లు నేవు, గడప నేదు. సక్రాల కుర్సీ ఆడే తోసుకుని బయటికొచ్చీగలడు. ఎవుల్నీ అడక్కర్నేదు."

"మీరు వెళ్లొద్దమ్మా," అన్నాను. "తప్పంతా నాది. మీరు పిలిస్తే వస్తారు. ఆ రోజు నా కళ్లతో చూశాను. మళ్లీ మీరే పిలవండి."

ఆవిడ చేతిలోని గిన్నె పక్కన పెట్టి, నన్ను కూర్చోమని పీట వేసింది.

"ముందు నాను ఎప్పుడు పిలిసినాను బాబూ? ఒచ్చీవోళ్లు. ఆ రోజు పేణం మీదికొచ్చింది, పిలిసినాను. రోజూ పేణం మీదికొచ్చినట్టు పిలవనేను కదా."

"నామీద కోపంగా ఉందా?"

"కోపమేటి? నువ్వు సెడ్డ సెయ్యనేదు. మా బాగు కోసమే రాసినావు." సంచి మూతి బిగించి తాడు కట్టింది. "ఇన్నేల్లు ఆడు ఎవులికీ బరువని అనుకోనేదు. నువ్వు రాసిన సీటీలో పేరు సూసుకున్నాకే అనుకున్నాడు. అది ఎవులు సెరపగలరు?"

టీ ఇచ్చింది, తాగాను.

గురువారం పొద్దున్న వ్యాను వచ్చింది. సంగతి తెలిసి కాలనీలో సగం మంది వచ్చారు. షిఫ్టు బస్సు వదులుకున్నవాళ్లు కూడా ఉన్నారు. రామలక్ష్మమ్మ ఆటోనగర్ నుంచి నలుగురు కూలీలను మాట్లాడుకుని వ్యానులోనే తీసుకొచ్చింది. వాళ్లు లోపలికి వెళ్లి మంచం నాలుగు కోళ్లూ పట్టుకున్నారు. అలవాటు లేక మంచం ఒక పక్కకు ఒరిగింది. చలమయ్య పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు.

అప్పలరాజు ఆగలేకపోయాడు. ముందుకు దూకి కూలీ చేతి పక్కనే తన చెయ్యి వేసి కోడు పట్టుకున్నాడు. అటు దొరబాబు పట్టుకున్నాడు. వెనక నుంచి ఇంకో పదిమంది కదిలారు. నేనూ కదిలాను. ఎవరూ పిలవలేదు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది.

చలమయ్య కళ్లు తెరిచి అప్పలరాజు చేతి వైపు చూశాడు. అతని మొహంలో కోపం లేదు. మిక్సీ బాగుచేసి ఇచ్చేటప్పుడు మాట్లాడినంత మామూలుగా మాట్లాడాడు.

"ఒగ్గీ బావా," అన్నాడు. "ఆళ్లకి డబ్బులిచ్చీసినాం. ఆళ్లే ఎత్తుతారు."

అప్పలరాజు చెయ్యి తీసేశాడు. మేమందరం పక్కకు జరిగి దారి ఇచ్చాం.